జపాన్ చేపకు ఏ వర్గమూ లేదు

పార్టీల పేర్లు నేను చెప్పను. మా వైపు పేర్లతో పనే లేదు. రంగు చెబితే చాలు, మనిషి ఏ వీధివాడో, ఎవరి పెళ్లికి పోడో, ఎవరి హోటల్లో టీ తాగడో అన్నీ తెలిసిపోతాయి. అసలు రంగులు కూడా చెప్పను. నేనింకా ప్రొద్దుటూరులోనే కాపురం ఉంటున్నాను, కూరగాయలకు రోజూ బజారుకు పోవాలి. అందుకని ఒక పార్టీది వంకాయ రంగు, ఇంకో పార్టీది గుమ్మడిపండు రంగు అని పెట్టుకుందాం. వంకాయ తరఫునా గుమ్మడి తరఫునా ఎవరూ నా మీదికి గొడవకు రారు.

నేను పుట్టింది పులివెందుల దగ్గర, తొండూరు వైపు పల్లెలో. తాతల కాలంలో మిషన్ వాళ్ల దగ్గర బాప్తిస్మం తీసుకున్న కుటుంబం మాది. మా నాయన బడిపంతులు. ఎన్నికలు వచ్చాయంటే మా అమ్మ దండెం మీద బట్టలు ఆరేసే ముందు వీధి అటూ ఇటూ చూసేది. వంకాయ రంగు చీర ఉతికితే గుమ్మడి రంగుది కూడా ఏదో ఒకటి ఉతకాల్సిందే, రెండూ పక్కపక్కన ఆరాల్సిందే. ఉతకడానికి ఏమీ లేకపోతే పెట్టెలోంచి శుభ్రమైన లంగా తీసి తడిపి మరీ ఆరేసేది. ఒకసారి మరిచిపోయి వంకాయ రంగు దుప్పటి ఒక్కటే ఆరేస్తే, పక్కింటామె ఎన్నికలు అయ్యేదాకా మాకు మజ్జిగ పొయ్యలేదు.

నాకు కుంచె పట్టడం నేర్పింది మా చర్చి గోడ. కొత్త సంవత్సరం ఆరాధనకు ముందు బైబిల్లోంచి ఆ ఏటికి ఎంచిన వాగ్దాన వాక్యాన్ని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయాలి. రాసే పెద్దాయనకు చూపు తగ్గాక ఆ పని నా నెత్తిన పడింది. అక్షరం వంకర పోయిందంటే సంఘమంతా ఏడాది పొడుగునా ప్రసంగం వదిలేసి దాన్నే చూస్తూ కూర్చుంటుంది. ఆ భయంతోనే నా చెయ్యి కుదిరింది. తర్వాత డ్రాయింగు పరీక్షలు పాసై ప్రొద్దుటూరులో ఆడపిల్లల బడిలో డ్రాయింగు టీచరునయ్యాను. నా కోపం సంగతి ఆ బడిలో అందరికీ తెలుసు. స్కేలు లేకుండా గీత గీసిన వాళ్లకు ఇంకా బాగా తెలుసు.

మా ఆయన టీవీలు బాగు చేసేవాడు. సొంతూరు జమ్మలమడుగు దగ్గర పల్లె. ఆ పల్లెలో ఎగువ వీధి వాళ్లు ఒక వర్గం, దిగువ వీధి వాళ్లు ఒక వర్గం. మా మామగారు మాత్రం ఏ వర్గమూ కాదు. ఏదో ఒక వర్గంలో ఉంటే ఒక పక్క నుంచే రాళ్లు పడతాయి, ఎటూ కానివాడికి రెండు పక్కల నుంచీ పడతాయి. చివరికి ఆయన ఇల్లు వదిలి పెళ్లాం బిడ్డలతో ప్రొద్దుటూరు చేరాడు. అందుకే మా ఆయన వీడియో గేమ్ షాపు పెట్టినప్పుడు ఒకే ఒక్క నియమం పెట్టుకున్నాడు. ఈ గది ఎవరిదీ కాకూడదు, ఎవరి పిల్లవాడైనా వచ్చి కూర్చోవాలి.

ఆ నియమం వినడానికి చిన్నదే గానీ మా జిల్లాలో శానా పెద్దది. పల్లెల్లో గొడవలు ముదిరితే పెద్దవాళ్లు మగపిల్లల్ని తెచ్చి ప్రొద్దుటూరు హాస్టళ్లలో చేర్చేవాళ్లు. రెండు వర్గాల వాళ్లకూ అదే ఊరు, అవే హాస్టళ్లు. ఆదివారమైతే పొద్దున్నుంచీ ఆ పిల్లలంతా మా షాపులోనే. వాళ్లలో ఇద్దరు మా ఆయన సొంతూరి పిల్లలు. ఒకడు ఎగువ వీధివాడు, అంటే గుమ్మడి. ఇంకొకడు దిగువ వీధివాడు, అంటే వంకాయ. ఊళ్లో వాళ్ల నాయనలు ఒకరు బస్సెక్కితే ఇంకొకరు దిగిపోయే రకం, మాటలు ఆగిపోయి ఏళ్లు గడిచాయి. ఈ పిల్లలు మాత్రం ఒకే బెంచీ మీద మోచేతులు తగిలేట్టు కూర్చుని ఇద్దరాడే ఆట ఆడేవాళ్లు. వాళ్లిద్దరూ అట్లా కూర్చున్నంత కాలమే ఇది షాపు, లేకపోతే ఉత్త టీవీల గది అనేవాడు మా ఆయన. ఆయన ప్రాణమంతా ఆ బెంచీ మీదే ఉండేది.

మిగతా ప్రాణం కంపెనీ మీద ఉండేది. ఆ ఆటల డబ్బాలు తయారుచేసేది జపానులో ఒక కంపెనీ. మా ఆయన లెక్కలో ఆయన షాపు ఓనరు కాదు, ఆ కంపెనీకి ప్రొద్దుటూరు ప్రతినిధి. ఆ సంగతి కంపెనీకి తెలియదు, అంతే. మద్రాసు నుంచి సరుకు వచ్చిన అట్టపెట్టెలు ఒక్కటి కూడా పారేయకుండా మా పడకగదిలో అటక మీద పేర్చేవాడు. ఒకదాని మీద దుమ్ము పడితే నా పైట చెంగుతోనే తుడిచేవాడు.

బోర్డు రాయాల్సి వచ్చినప్పుడు ఊళ్లో పెయింటర్లు లేక కాదు, వాళ్లకు కూడా వర్గాలు ఉన్నాయి. ఎన్నికల గోడలు ఎవరికి రాశాడో పెయింటరుది ఆ వర్గం. వంకాయ పెయింటరు చేత రాయిస్తే గుమ్మడి వాళ్లకు కోపం, గుమ్మడి పెయింటరు చేత రాయిస్తే వంకాయ వాళ్లకు. దేవుడికి తప్ప ఎవరికీ గోడ రాయని మనిషిని ఈ ఊళ్లో నేనొక్కదాన్నే. కాబట్టి రేకు, రంగు డబ్బాలు నా ముందుకు వచ్చాయి.

ఆ రోజుల్లో కంపెనీ గుర్తు ఎగిరే చేప. బొద్దుగా, ఎర్రగా, రెండు రెక్కలతో, ఎడమ పక్కకు తిరిగి నవ్వుతూ ఉండేది. కింద గుండ్రటి ఎర్ర అక్షరాలు. నేను పెట్టె మీద చిన్న గళ్లు గీసి, రేకు మీద పెద్ద గళ్లు గీసి, ఏ గడిలో ఉన్నది ఆ గడిలోకి ఉన్నదున్నట్టు దింపాను. మా షాపు ఒక బట్టల కొట్టు పైన మేడ మీద ఉండేది. ఆ కొట్టు శెట్టిగారే మాకు ఇంటి ఓనరు. ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి. తన కొట్టు నెత్తిన చేపను చూసి ఆయన ముఖం మాడిపోయింది. మా ఆయన ఏమాత్రం తడబడకుండా అది మత్స్యావతారం అని చెప్పాడు. ఆ మర్నాటి నుంచి శెట్టిగారు కొట్టు తాళం తీసే ముందు బోర్డుకు దణ్ణం పెట్టుకునేవాడు. మా పాస్టరుగారు చూసి, చేప తొలినాటి క్రైస్తవుల గుర్తు కదా, ధైర్యంగా పెట్టుకున్నావమ్మా అని నన్ను మెచ్చుకున్నాడు. నేను ఇద్దరికీ అడ్డు చెప్పలేదు. ఎర్ర చేప అందరిదీ అయింది, షాపు బాగా నడిచింది.

కంపెనీ ఊరుకుంటే ఈ కథే లేదు. ఒకరోజు మద్రాసు నుంచి కొత్త డబ్బాలు వచ్చాయి. పెట్టె మీద చేప మారిపోయింది. కుడి పక్కకు తిరిగింది, నవ్వు పోయింది, ఒళ్లు తగ్గింది. కంపెనీ పెరిగి చేప సన్నబడింది, మనుషుల్లో అయితే ఇది తలకిందులుగా జరుగుతుంది. అదైనా భరించవచ్చు. చేపా అక్షరాలూ అన్నీ నిగనిగలాడే వంకాయ రంగులోకి మారిపోయాయి.

మా ఆయన పెట్టెను పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. నేను రంగు చూసి వద్దన్నాను. ఎన్నికలు దగ్గర పడుతున్నాయని, ఈ రంగు బోర్డు ఎక్కితే ఏమవుతుందో సొంతూరు వదిలొచ్చిన వాడికి నేను చెప్పాలా అని అడిగాను. కంపెనీ మార్చినాక మనం పాత చేపనే పట్టుకుని వేలాడితే జనం మనల్ని డూప్లికేటోళ్లు అనుకుంటారని ఆయన బాధ. రెండు రోజులు అన్నం దగ్గర అలిగాడు. మూడో రోజు నేను గళ్లు గీశాను. రంగు కలపడంలో నేను దిట్టను, అదే మా కొంప ముంచింది. కాస్త చెయ్యి తప్పి ఉంటే నీలం అని చెప్పి బయటపడేవాళ్లం. వంటింట్లోంచి వంకాయ తెచ్చి పక్కన పెట్టినా తేడా కనబడనంత బాగా కుదిరింది.

బోర్డు ఎక్కించిన మర్నాడే జీపు వచ్చింది. వంకాయ పార్టీ మనుషులు బిలబిలా మేడెక్కి మా ఆయనకు వంకాయ రంగు శాలువా కప్పారు. శాలువా కింద శెట్టిగారి కొట్టులో కొన్నదే. ఆయన ఒకే బీరువాలో పై అరలో ఒక రంగు, కింది అరలో ఒక రంగు పెట్టుకుని ఇద్దరికీ అమ్ముతాడు, ఆయనను మాత్రం ఎవరూ ఏమీ అనరు. మా ఆయన శాలువా కిందినుంచి ఇది పార్టీ రంగు కాదని, జపాను కంపెనీ తన రంగు తానే మార్చుకుందని చెప్పబోయాడు. వచ్చిన వాళ్లలో పెద్దాయన శ్రద్ధగా విన్నాడు. విని, ఎంతో సంతోషంగా ఒక మాట అడిగాడు.

"జపాన్‌లో గూడా మన పార్టీ గెలుస్తాండాదా అప్పా?"

ఆ ఆదివారం గుమ్మడి పిల్లలు ఒక్కరూ రాలేదు. దిగువ వీధి పిల్లవాడు ఒక్కడే బెంచీ మీద కూర్చుని ఇద్దరాడే ఆట ఒంటరిగా ఆడి, ఓడిపోయి, మళ్లీ ఆడి, మళ్లీ ఓడిపోయాడు. మా ఆయన ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చుని లేచిపోయాడు. నాకు ఆయన మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది. కోపమే ముందు చూపించాను.

గుమ్మడి వాళ్లు పిలవకముందే పోవడం మేలని ఇద్దరం బస్సెక్కి జమ్మలమడుగు పోయి, అక్కడి నుంచి ఆయన పల్లెకు పోయాం. పాత పెట్టె, కొత్త పెట్టె రెండూ తువ్వాలులో మూటగట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. ఎగువ వీధి పిల్లవాడి నాయన అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. మా ఆయన రెండు పెట్టెలూ ముందు పెట్టి ఎర్ర చేప ఎట్లా వంకాయ చేప అయిందో వివరించాడు. పిల్లవాడి నాయన కొత్త పెట్టెను తిప్పి తిప్పి చూశాడు.

"ఎప్పుడు మార్చినారప్పా ఇది?"

"ఈ మధ్యనే అన్నా."

"అంటే ఎన్నికలు దగ్గరికొచ్చినాక." ఆయన తల పంకించాడు. "ఆ కంపెనీ ఆయప్పతో ఒగసారి మాట్లాడాల. ఈ పక్కకు ఎప్పుడన్నా వస్తాంటాడా?"

రాడని చెప్పడానికి శానాసేపు పట్టింది. జపాను అంత దూరమని ఆయన ఒప్పుకున్నాడు గానీ, అంత పెద్ద మనిషి వ్యాపారం చేసే చోటికి రాకుండా ఎట్లా ఉంటాడో ఆయనకు అర్థం కాలేదు. చివరికి తానే ఒక దారి చూపించాడు. వంకాయ రంగును తీసేయమని ఆయన అడగడు, అది కంపెనీ మర్యాద. దాని చుట్టూ గుమ్మడి రంగు బార్డరు కొట్టిస్తే తమ మర్యాద కూడా దక్కుతుంది. మా ఆయన నా ముఖం చూశాడు. నేను సరేనన్నాను.

బార్డరు వేశాను. రెండు రంగులూ సమానంగా ఉండాలని లెక్క కట్టి, చుట్టూ పట్టీ వెడల్పు పెంచి, ఎవరికీ ఒక వేలెడు చోటు కూడా ఎక్కువ రాకుండా వేశాను. అయినా వంకాయ వాళ్లు టేపు తెచ్చుకుని కొలిచారు. కొలతలో తప్పు దొరక్కపోయేసరికి దిగాలుపడి కాసేపు బోర్డు చూశారు. ఆ తర్వాత వాళ్లలో ఒకాయన నాతో ఏమన్నాడంటే, టీచరమ్మా, గుమ్మడి చుట్టూరా ఉండాది, మేము నడిమధ్యన ఉండాం, అంటే మమ్మల్ని చుట్టుముట్టినట్టే గదా అన్నాడు. ఆ మాటతో నాకూ అట్లాగే కనబడడం మొదలైంది.

బార్డరు చెరిపి, బోర్డును పైనా కిందా రెండు సగాలు చేశాను. కింది సగం వాళ్లు, మమ్మల్ని తొక్కినట్టుంది అన్నారు. కుడీ ఎడమా సగాలు చేశాను. అప్పుడు చేప తల వంకాయ రంగులోకి, తోక గుమ్మడి రంగులోకి వచ్చాయి. తల వాళ్లదీ తోక మాదీనా అని కబురొచ్చింది. విసుగెత్తి చేపను నిలువునా నిలబెట్టి, రెండు కళ్లు, రెండు రెక్కలు, నట్టనడుమ గీత గీసి చెరి సగం పంచాను. ఎగిరే చేప కాస్తా బోర్లా పడ్డ కప్పలాగా తయారైంది. కంపెనీ వాళ్లు ఎప్పుడైనా ఇటు వస్తే ఏ ముఖం పెట్టుకుని చూపించాలని మా ఆయన గొణిగాడు.

పిల్లలు తిరిగి వచ్చారు. అయితే బోర్డు ఎట్లా చీలిందో గది కూడా అట్లాగే చీలింది. వంకాయ పిల్లలు ఆ సగం కింద, గుమ్మడి పిల్లలు ఈ సగం కింద. ఆ ఇద్దరు పిల్లలూ వేరు వేరు బెంచీల మీద కూర్చుని, మధ్య మధ్యలో ఒకరి టీవీ వైపు ఒకరు దొంగచూపులు చూసుకునేవాళ్లు. మా ఆయన ఆ చూపులు చూడలేక టీవీలు తుడుస్తూ తిరిగేవాడు.

ఇంతలో ఎన్నికల నియమావళి వచ్చింది. అంటే ఊళ్లో ఉన్న విగ్రహాలకు ముసుగులు, పార్టీ గుర్తులున్న గోడలకు సున్నం. ఒక ఆఫీసరు జీపులో పోతూ మా బోర్డు చూసి ఆగిపోయాడు. రెండు పార్టీల రంగులూ ఉన్న బోర్డు ఆయన సర్వీసులో ఎప్పుడూ చూడలేదట. ఇది ఏ కూటమి అని అడిగాడు. చేప అని చెప్పాను. చేప గుర్తు ఎవరికైనా కేటాయించారేమోనని కాగితాలు తిరగేశాడు. ఎవరికీ లేదు. అయినా అనుమానం తీరక గోనె పట్టా తెప్పించి బోర్డంతా కప్పి తాడుతో కట్టించాడు.

ఆ ఆదివారం నేను కూడా షాపులో ఉన్నాను. పిల్లలు మేడెక్కుతూ గోనె పట్టా చూశారు, లోపలికి వచ్చారు. ఎక్కడ కూర్చోవాలో తెలియక కాసేపు నిలబడ్డారు. తర్వాత ఎవరికి ఏ ఆట కావాలో ఆ టీవీ ముందు కూర్చున్నారు. ఎగువ వీధి పిల్లవాడు పోయి దిగువ వీధి పిల్లవాడి పక్కన కూర్చున్నాడు. మా ఆయన వెనక్కి తిరిగి చాలాసేపు ఒకే టీవీ తుడిచాడు. ఆ ఎన్నికల రోజులంత సుఖంగా మేము ఎప్పుడూ లేము. ఊరంతా మైకులతో అదిరిపోతుంటే మా మేడ మీద మాత్రం తుపాకుల చప్పుడు టీవీల్లోంచే వచ్చేది.

ఫలితాలు వచ్చిన మర్నాడే ఆఫీసు మనుషులు వచ్చి గోనె పట్టా విప్పుకుని పోయారు. అది గవర్నమెంటు గోనె అట. మనమే ఒకటి కొని కప్పుదామన్నాను. కంపెనీ పేరు మూటగట్టి వ్యాపారం చేయడానికి ఆయన ఒప్పుకోలేదు. దానికి బదులు కంపెనీకే జాబు రాయించాడు. నేను ఇంగ్లీషులో రాశాను. అయ్యా, మీ చేప అంటే మాకు శానా అభిమానం, మా ప్రాంతంలో కొన్ని ఇబ్బందుల వల్ల ఇకమీదట దయచేసి వంకాయ రంగు వాడవద్దని మనవి. ఆ ఇబ్బందులు ఏమిటో జపాను వాళ్లకు అర్థమయ్యేట్టు రాయడానికి ప్రయత్నించి, కుదరక, వదిలేశాను.

జవాబు రాలేదు. కొన్నాళ్లకు కొత్త డబ్బాలు వచ్చాయి. మా ఆయన పెట్టె విప్పకుండానే కూలబడ్డాడు. చేపలో ఇప్పుడు ఒళ్లే లేదు, రెండు గీతలు, ఒక రెక్క మిగిలాయి. ఆ గీతలూ ఆ రెక్కా అక్షరాలూ అన్నీ గుమ్మడిపండు రంగు.

"మన మాట ఇన్నారే," అన్నాడు. "అంత దూరం నుంచి మన మాట ఇన్నారు."

అది మన జాబు వల్ల కాదని, ఏ కంపెనీ అయినా అప్పుడప్పుడూ ముఖం మార్చుకుంటుందని చెప్పాను. ఆయన చెవికి ఎక్కలేదు. తప్పు మనదేనట, వంకాయ వద్దని రాశాం గానీ గుమ్మడి కూడా వద్దని రాయలేదట. తన మాట విని రంగు మార్చిన కంపెనీని ఇప్పుడు కాదనడం కుదరదన్నాడు. ఎన్నికలు అయిపోయాయి కదా, ఇంక రంగు ఎవరు చూస్తారన్నాడు. నేను కప్ప మీద తెల్లరంగు కొట్టి గుమ్మడి గీతలు దించాను. నిజం చెప్పాలంటే ఆ కొత్త గుర్తు నాకు నచ్చింది. అన్ని చేపల్లోకీ అదే అందమైనది, గీయడం అన్నిటికన్నా కష్టమైనదీ అదే. రెండే గీతలైతే తప్పు దాచుకోవడానికి చోటుండదు.

ఆ శనివారం మా వైపు ఇంకో మార్పు జరిగింది. వంకాయ పార్టీ నాయకుడు జీపులన్నిటితో సహా గుమ్మడి పార్టీలోకి దూకాడు. ఒకే పార్టీలో ఇద్దరం ఇమడలేమని గుమ్మడి నాయకుడు వంకాయ పార్టీలోకి పోయాడు. వర్గాలు ఎక్కడివక్కడే, రంగులు మాత్రం అటువి ఇటు, ఇటువి అటు. రెండు వైపులా కొత్త శాలువాలు కావాల్సి వచ్చి శెట్టిగారు మద్రాసుకు మళ్లీ ఆర్డరు పెట్టాడు.

ఆ ఆదివారం నేను స్టూలు వేసుకుని బోర్డు మీద అక్షరాల అంచులు దిద్దుతున్నాను. దిగువ వీధి పిల్లవాడి నాయన మొదటి బస్సుకు దిగాడు. అంత పొద్దున్నే బయలుదేరాడు కాబట్టి పేపరు చూడలేదు, తన నాయకుడు దూకిన సంగతి ఆయనకు తెలియదు. బోర్డు గుమ్మడి రంగు అయిందని ఎవరో చెబితే పిల్లవాణ్ని తీసుకుపోవడానికి వచ్చాడు. ఇదేందని నన్ను గట్టిగా అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే ఎగువ వీధి పిల్లవాడి నాయన చంకలో పేపరుతో వచ్చాడు. ఆయన కూడా బోర్డు చూసి ఇదేంది గుమ్మడి రంగు అన్నాడు. మీ రంగే గదన్నా అన్నాను. నిన్నటిదాకా అన్నాడు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా నన్నే చూస్తున్నారు. దిగువ వీధి ఆయనకు ఏమీ అర్థం కాలేదు. ఎగువ వీధి ఆయన పేపరు ఆయనకు ఇవ్వడు, ఆయన అడగడు. చివరికి నేనే స్టూలు మీది నుంచి వంగి ఒకరి చంకలోంచి తీసి ఇంకొకరి చేతికిచ్చాను. ఆయన నిలబడి మొత్తం చదివాడు. మడిచి, నా చేతికి తిరిగి ఇచ్చాడు.

"అయితే టీచరమ్మా," అన్నాడు మెల్లగా, "ఈ బోర్డు ఇప్పుడు మాదా?"

నా కోపం అప్పుడు వచ్చింది. అన్ని నెలలుగా దాచిపెట్టిన కోపం. స్టూలు దిగి రంగు డబ్బా వాళ్ల కాళ్ల ముందు పెట్టాను.

"ఇదో డబ్బా, ఇదో కుంచె. ఇంగ మీరే రాసుకోండన్నా. జపానోళ్లు సరుకు అమ్ముకునేదానికి రంగు మార్చినారు, మీ నాయకులు దేనికి మార్చినారో మీరే పోయి కనుక్కోండి. పిల్లోళ్లు పైన ఆడుకుంటాండారు. పిలుచుకోని పోతారో, ఏమి చేస్తారో మీ ఇష్టం."

ఇద్దరూ మెట్లెక్కారు. ఒకరు ముందు, ఒకరు వెనక, మధ్యలో నేను. ఎందుకు మధ్యలో నడిచానంటే, నాకు భయం వేసింది. తలుపు దగ్గర మా ఆయన వాళ్లను చూసి లేచి నిలబడ్డాడు. లోపల ఆ ఇద్దరు పిల్లలు ఒకే బెంచీ మీద ఉన్నారు. ఎన్నాళ్లుగానో ఆడుతున్న ఆట చివరి మెట్టుకు వచ్చింది, వెనక ఎవరు నిలబడ్డారో చూసే తీరిక వాళ్లకు లేదు. తెర మీద ఇద్దరు సిపాయిలు పక్కపక్కన పరుగెడుతున్నారు. పెద్దవాళ్లిద్దరూ గడప దగ్గరే ఆగిపోయారు. పిలవాలనే వచ్చారు గానీ, కళ్లు టీవీ మీదికి పోయాయి.

కాసేపటికి ఎగువ వీధి పిల్లవాడి సిపాయి పడిపోయాడు. వాడికున్న ప్రాణాలన్నీ అయిపోయాయి. వాడు ఆట నడిపే కడ్డీ వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. పక్కనున్నవాడు తెర మీది నుంచి చూపు తిప్పకుండానే చెయ్యి చాచి దాని మీద ఏదో నొక్కాడు. పడ్డ సిపాయి లేచి మళ్లీ పరుగెత్తాడు.

"మావోడు సచ్చిపోయినాడు గదా," అన్నాడు ఎగువ వీధి ఆయన మా ఆయనతో. "ఎట్ల లేసినాడు?"

"ప్రాణాలు అయిపోయినాయన్నా. పక్కనోడు వాంది ఒగటి తీసి ఇచ్చినాడు."

"పక్కనోడా?"

"ఆఁ."

"మావోడు అడిగినాడా?"

"అడగల్యా అన్నా."

ఆయన ద్వారబంధం మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. పిల్లలిద్దరూ అరుచుకుంటూ పరుగెడుతున్నారు. అప్పుడు దిగువ వీధి ఆయన, టీవీ మీది నుంచి చూపు తిప్పకుండా, ఇన్నేళ్లుగా పలకరించని మనిషితో అన్నాడు.

"ఏం కాదులే. వానికాడ ఇంగా రెండుండాయి."

ఆ ఆదివారం ఎవరూ పిల్లల్ని తీసుకుపోలేదు.